దస్తగిరి వాటా

ఓడకు 19 రోజులు

ఈ ఉదయం నాలుగో తొట్టి అంచున ఒక తెల్లగీత కనిపించింది. గోటి అంచంత వెడల్పు. నీళ్లు ఎండిన చార అనుకుని తడిగుడ్డతో తుడిచాను. పోలేదు. వేలితో తాకితే పొడిగా రాలింది. అది చార కాదు, చచ్చిన నాచు.

మా నీడగుంటలో పద్నాలుగు తొట్లున్నాయి. తొట్టి నిండా నాచు, తొట్టి మీద దీపం. మేం వదిలిన ఊపిరి నాచుకు తిండి, నాచు వదిలింది మాకు ఊపిరి. ఒక తొట్టి ఐదుగురిని బతికిస్తుంది. ఉదయం హాజరుకు ముందు వాటి అంచులు తుడవడం నా పని.

గాలి మేస్త్రి తిరపతయ్య గారిని పిలిచాను. ఆయన నా వేలి కొస చూశారు. వేలు పట్టుకుని దీపం కింద పెట్టి మళ్లీ చూశారు. నాలుగు, ఐదు, ఆరు తొట్లకు నీళ్లిచ్చే గొట్టం ఒక్కటే. తెగులు మిగతా తొట్లకు పాకకుండా వెళ్లి దాన్ని మూసేశారు.

హాజరు భోజనాల గదిలో వేస్తారు. ఆ గదికి ఒక్క కిటికీ ఉంది. అందులోంచి గుంట అంచు మీద ఎండకు మెరిసే పలకలు కనిపిస్తాయి. మా కరెంటంతా అక్కణ్ణించే దిగుతుంది. ఈ గుంట అడుగున, చంద్రుడి దక్షిణపు కొసన, ఎండ ఎన్నడూ పడలేదు. అందుకే ఇక్కడ మంచు ఉంది. మంచు ఉంది కాబట్టి మేం ఉన్నాం.

పేరు పిలిస్తే ‘ఉన్నాను’ అనాలి. నేనన్నది వినపడక నా పేరు మళ్లీ పిలిచారు. రోజూ జరిగేదే. అరవై ఒక్క పేర్లయ్యాక అరవై రెండోది: పఠాన్ దస్తగిరి. ఆయన మంచుగనిలో పెళ్ల విరిగిపడి, తొమ్మిదేళ్లుగా చల్లని పెట్టెలో నిద్రపోతున్నారు. నేను ఆయన్ని గాజులోంచే చూశాను. ఆయన పేరుకు వంట పొయ్యి దగ్గర నుంచి కాశింబీ మామ్మ ‘ఉన్నాడు’ అంది, రొట్టె తిరగేస్తూ.

ఓడకు 17 రోజులు

మూడు తొట్లూ తెల్లబడిపోయాయి. గొట్టం మూసేయడం వల్ల మిగిలిన పదకొండు పచ్చగా ఉన్నాయి. పదకొండు తొట్లు యాభై ఐదుగురికి. మేం అరవై ఒక్కరం.

తిరపతయ్య గారు లెక్క వేయించారు. రోజుకు ఆరుగురి ఊపిరి తక్కువ. తెల్లగీత కనిపించిన రోజు నుంచి ఓడ వచ్చేదాకా, ఒక మనిషి నూట పద్నాలుగు రోజులు పీల్చేంత గాలి తక్కువ. వదిలిన గాలిని కడగడానికి సున్నం పెట్టెలు చాలినన్ని ఉన్నాయి. ప్రాణవాయువే లేదు. నిల్వ గాలి పోయినేడు ఉత్తరపు తలుపు పగిలినప్పుడు ఖర్చయింది.

మంచి నాచు కొంచెం తీసి, కడిగిన తొట్లలో వేసి, రెట్టింపు దీపాలు పెడితే వారంలో రెండు తొట్లు పండుతాయి. దీపాలున్నాయి, కరెంటు లేదు. వంట మానేశాం. ఇవాళ నానబెట్టిన అటుకులు, గోంగూర పచ్చడి. గదుల వేడి తగ్గించి అందరం రెండేసి స్వెట్టర్లు వేసుకున్నాం. అయినా చాలదు. సరిపడా కరెంటు తినేది ఇక ఒక్కటే ఉంది. చల్లని పెట్టె.

లెక్కయంత్రం కాగితం భోజనాల గది తలుపుకు అంటించారు. పదకొండు దారులు రాసింది. పదింట్లో చివరి గడిలో అంకెలున్నాయి, రెండు, నాలుగు, ఆరు అని. అవి మనుషులు. పదకొండో దారిలో సున్నా. దాని ఎదురుగా ‘పెట్టె: విద్యుత్ నిలుపుదల’ అని ఉంది. పెట్టెలో ఎవరున్నారో రాయలేదు.

తిరపతయ్య గారి కూతురికి నలభై రోజుల కిందట ఆడపిల్ల పుట్టింది. ఈ గుంటలో పుట్టిన మొదటి పిల్ల. గాలి పలచబడితే ముందు తగిలేది ఆ పిల్లకే. మధ్యాహ్నం ఆయన నా గదికి వచ్చి, చెప్పులు బయట విడిచి, గుమ్మంలో నిలబడి, “పుస్తకాలు చదవమని అడుగుతున్నా పాపా,” అన్నారు.

అది నా అసలు ఉద్యోగం. నేను ఇక్కడ చదువరిని. నీడగుంట కట్టినప్పుడు సగం దేశాలు పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక మీద నిలబడ్డాయట, సగం దేశాలు షరియత్ మీద. ఎవరి న్యాయం నడవాలో తేలక ఒక ఏర్పాటు చేసుకున్నాయి. మిగతా అన్నిటికీ చేతులెత్తించి తీర్మానిస్తారు. మనిషి ఊపిరి ముట్టే విషయం వస్తే మాత్రం రెండు న్యాయాల పుస్తకాలూ, మెలకువగా ఉన్న అందరి ముందు, కాగితం చూసి, మనిషి గొంతుతో చదవాలి. ఏ ఒక్కటి వద్దన్నా వద్దే.

మూడేళ్లలో పెళ్లిపత్రాలు చదివాను, ఒక పుట్టుక చదివాను. ఊపిరి ఎప్పుడూ చదవలేదు.

ఐదు రోజుల తర్వాత అని తిరపతయ్య గారికి చెప్పాను. ఐదు రోజులకు గాలి ఎంత తగ్గుతుందో ఆయనకు తెలుసు. తల ఊపి వెళ్లారు.

ఓడకు 16 రోజులు

ఒడంబడిక చదివాను. గుంటూరులో మా బడి సిస్టర్లు పుస్తకం ముట్టే ముందు చేతులు కడిగించేవాళ్లు. ఇక్కడ నీళ్లు కొలిచి ఇస్తారు. అయినా కడుక్కున్నాను.

ఆరో అధికరణం నాకు కంఠతా వచ్చు. ప్రతి మనిషికీ బతికే హక్కు పుట్టుకతో ఉంది, ఎవరి ప్రాణాన్నీ ఇష్టం వచ్చినట్టు తీయకూడదు. దాన్ని నేను ఎప్పుడూ శాంతికాలం మాటగానే చదివాను. ఇవాళ నాలుగోది పక్కన పెట్టుకుని చదివాను. దేశం ప్రాణానికే ముప్పు వచ్చినప్పుడు కొన్ని హక్కుల్ని కొంతకాలం సడలించుకోవచ్చు అని అక్కడ ఒప్పుకున్నారు. వెంటనే, ఎంత ముప్పు వచ్చినా సడలించకూడనివి ఇవీ అని జాబితా రాశారు. అందులో మొదటిది ప్రాణం.

అది రాసినవాళ్ల గురించి చాలాసేపు ఆలోచించాను. పెద్ద యుద్ధం చూసి వచ్చిన మనుషులు. కోట్లు వేసుకుని, టీలు తాగుతూ, ఒక్కో మాట దగ్గర రోజుల తరబడి పోట్లాడుకుని ఉంటారు. అప్పటికి చంద్రుడి మీద ఎవరూ కాలు పెట్టలేదు. అయినా ఆ వాక్యం ఇంత దూరం వచ్చి, మా పద్నాలుగు తొట్ల మధ్య, మూసిన గొట్టం దగ్గర నిలబడి ఉంది.

కాని తొమ్మిదేళ్లు నిద్రపోయిన మనిషి మనిషేనా అన్నది అందులో లేదు. దస్తగిరి మెదడులో చివరిసారి కదలిక దొరికి నాలుగేళ్లయిందని డాక్టరమ్మ చెప్పారు. లేదని అనలేను, ఉందని అనలేను, పెట్టె చలిలో నా యంత్రానికి అందదు అన్నారు. తిరపతయ్య గారి వాదన అక్కడే ఉంది. చనిపోయినవాడి కోసం బతికున్న పిల్లను పణం పెడుతున్నాం అని.

ఓడకు 15 రోజులు

కాజీ మీరావలి గారు పంపుల మెకానిక్కు కూడా. పని ఆపకుండానే మాట్లాడతారు. ఇవాళ ఆయన పక్కన కూర్చుని స్పానర్లు అందిస్తూ అడిగాను, షరియత్‌లో ఆయన బతికున్నట్టా, చనిపోయినట్టా అని.

కబురు లేకుండా పోయిన మనిషికి ఒక న్యాయం ఉందని చెప్పారు. ప్రయాణం వెళ్లాడు, తిరిగి రాలేదు, ఉన్నాడో లేడో తెలియదు. వెళ్లినప్పుడు బతికున్నాడన్నది గట్టిగా తెలుసు. పోయాడన్నది అనుమానం. అనుమానం వచ్చినంత మాత్రాన తెలిసినదాన్ని కొట్టెయ్యకూడదు. కాబట్టి రుజువయ్యేదాకా బతికున్నవాడే. అతని ఆస్తి పంచకూడదు. ఎంతకాలం అన్నదాంట్లో పండితులు ఒకే మాట మీద లేరట. కాజీ గారు పాటించే పద్ధతిలో, ఆ మనిషి ఈడువాళ్లు ఊళ్లో ఒక్కరు మిగిలి ఉన్నా, అతనూ ఉన్నట్టే.

నేను స్పానరు అందించడం మర్చిపోయాను. ఒక మనిషి కోసం అతని ఈడువాళ్లందరూ పోయేదాకా ఎదురుచూసే న్యాయం. ఎవరి తల్లిని చూసి, ఎవరి వాకిట్లో కూర్చుని అది రాసి ఉంటారో.

“ఇంకొకటి చెబుతా విను తల్లీ,” అన్నారు కాజీ గారు. “వెయ్యేళ్ల కింద పెద్దలు ఒక పడవ సంగతి మాట్లాడుకున్నారు. పడవ మునుగుతోంది. ఒకణ్ణి నీళ్లలోకి తోస్తే మిగతావాళ్లు బతుకుతారు. తోయవచ్చా? వద్దన్నారు. పోనీ చీటీలేసి తోద్దామా? అదీ వద్దన్నారు. పదిమంది ప్రాణాలు ఒక వైపు, ఒక ప్రాణం ఒక వైపు పెట్టి తూచే తక్కెడ మన చేతికి ఇవ్వలేదన్నారు.”

“మరి మునిగిపోవాలా?” అని అడిగాను.

“సామాను విసిరెయ్యమన్నారు. ఎవరిదైనా సరే, ఎంత విలువైందైనా సరే. అడక్కుండా విసిరినవాడు తర్వాత కట్టివ్వాలి.”

వెయ్యేళ్ల కిందటి మనుషులు మునగని పడవలో కూర్చుని మునిగే పడవ గురించి ఇంత జాగ్రత్తగా ఆలోచించారు. పుస్తకంలో ఆ పేజీ చాలాసార్లు చూశాను. ఇది కథ కాదని ఇవాళ తెలిసింది.

ఓడకు 14 రోజులు

తల కొంచెం బరువుగా ఉంది. మెట్లు ఎక్కితే ఆగాల్సి వస్తోంది.

భోజనాల దగ్గర గొడవ అయింది. మంచుగని వాళ్లు ఇద్దరు, నిద్రపోయేవాడికి బాధేముంది, తెలియను కూడా తెలియదు అన్నారు. ఇంకొకాయన, రేపు మనం పడుకున్నా ఇదే మాట అంటారు అన్నాడు. కాశింబీ మామ్మ వింటూ అటుకులు పెడుతోంది. ఎవరి పళ్లెంలోనూ తక్కువ వెయ్యలేదు.

తిరపతయ్య గారు నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు. ఆయన కళ్ల కింద నల్లబడింది. మూడు రోజులుగా తొట్ల దగ్గరే ఉంటున్నారు.

“కాజీ గారు నీకు పడవ కథ చెప్పారంట గదా. నేనూ విన్నా. బాగుంది. రేపు ఆ పిల్ల ఊపిరాడక నీలంగా మారితే అప్పుడు ఏ పుస్తకం చదువుతావు పాపా?”

ఆయన నా పళ్లెంలోకి తన పచ్చడి కొంచెం వేసి, లేచి వెళ్లిపోయారు. చెడ్డమాట అన్నాననుకున్నప్పుడు ఆయన అలా చేస్తారు.

పుస్తకాలు వద్దంటాయని నాకు తెలిసిపోయింది. వద్దన్నాక ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు. వద్దు అని చదివి, మడిచి, గదికి వెళ్లిపోవడమేనా నా ఉద్యోగం? పడవలో పెద్దలు వద్దు అని ఊరుకోలేదు. సామాను అన్నారు.

మా దగ్గర ఏం సామాను ఉంది?

ఓడకు 13 రోజులు

నీడగుంటలో ఎవరి సొంత వస్తువులు ఏమిటో కాగితం మీద ఉంటుంది. ఉదయం నుంచి అవే తిరగేశాను. నా పేరు కింద పద్దెనిమిది పుస్తకాలు, ఒక జపమాల, కళ్లజోడు. ఒకాయనకు హార్మోనియం. కాశింబీ మామ్మకు రోలు. అందరి బ్యాటరీలు కలిపినా ఒక దీపం అరపూట వెలగదు.

ఆఖరి పేరు దస్తగిరి. ఆయన వస్తువుల కాగితంలో ఒక చొక్కా, ఒక గడియారం, తర్వాత ‘తీర్పు చూడుము’ అని ఉంది. తీర్పు తొమ్మిదేళ్ల కిందటిది. అప్పటి కాజీ గారు, అప్పటి చదువరి కలిసి చేత్తో రాశారు. యంత్రంలో లేదు. ఇనప్పెట్టె అడుగున, నూనెగుడ్డలో చుట్టి ఉంది.

నాలుగు పేజీలు. దస్తగిరి కబురు తెలియని మనిషిలాంటివాడు, కాబట్టి రుజువయ్యేదాకా బతికున్నవాడే అని మొదటిదాంట్లో. అందుకే ఆయన పేరు రోజూ హాజరులో పిలుస్తారు. రెండోదాంట్లో, బతికున్న ప్రతి మనిషికీ రోజుకు ఒక వాటా గాలి ఉన్నట్టే ఆయనకూ ఉంది, ఆయన పీల్చకపోయినా అది ఆయనదే, పంచకూడదు అని. మూడోదాంట్లో ఆ వాటాను ఏ రోజుకారోజు విడిగా తీసి నిల్వ చెయ్యాలి అని. ఒక సిలిండర్‌లో, అది నిండేదాకా. సిలిండర్ ఎనభై రోజుల ఊపిరి పడుతుంది.

ఇక్కడ గాలి కంటే విలువైనది ఏదీ లేదు. పీల్చని మనిషికి వాళ్లు అదే తీసి పెట్టారు, లేచి అడుగుతాడని.

ఆ సిలిండర్ ఎక్కడుందో తీర్పులో లేదు. పెట్టె గదికి వెళ్లాను. కాశింబీ మామ్మ అక్కడే నమాజు ముగించి చాప చుడుతోంది. సిలిండర్ గురించి అడిగాను. ఆమె పెట్టె కాళ్ల వైపు చూపించింది.

అక్కడ నడుమెత్తున ఆకుపచ్చ గుడ్డ కప్పిన దిమ్మె ఉంటుంది. నేను వచ్చిన రోజు నుంచీ ఉంది. గనిలోకి దిగేవాళ్లు దాన్ని తాకి కళ్లకద్దుకుంటారు. ఎవరో ఒకరు చక్కెర పొట్లం పెడతారు. గుడ్డ అంచుకు దారాలు కట్టి ఉంటాయి. కడప వైపు వాళ్లు, గుంటూరు వాళ్లు, తిరపతయ్య గారి కూతురు కాన్పుకు ముందు కట్టింది కూడా ఉంది. నేనూ మొదటి పెళ్లిపత్రం చదవబోయే ముందు దాన్ని తాకి వెళ్లాను. మా ఊళ్లలో ఆకుపచ్చ గుడ్డ కప్పింది ఏదైనా సరే, దాని కింద ఏముందని ఎవరూ ఎత్తి చూడరు. ఇక్కడా చూడలేదు.

మామ్మ గుడ్డ ఎత్తింది. సిలిండర్. మెడ దగ్గర పాత కాజీ గారి లక్క ముద్ర, పొట్ట మీద తెల్లరంగుతో ‘అమానత్’ అని. అంటే ఒకరి సొత్తు మరొకరి కాపలాలో ఉందని.

“దుమ్ము పడకుండా కప్పా,” అంది మామ్మ. “ఈళ్లు దారాలు కట్టడం మొదలెట్టారు. కట్టుకోనీలే అని ఊరుకున్నా.”

ఇన్ని రోజులుగా అందరూ గాలి గురించి కొట్టుకుంటుంటే ఎందుకు చెప్పలేదని అడిగాను. నా గొంతు కొంచెం పెరిగింది అనుకుంటాను.

“నాదైతే మొదటి రోజే ఇచ్చేదాన్ని గదే. వాడిది. కాపలా నాది. కాపలా మనిషి తనంతట తాను తీసి పంచితే దాన్నేమంటారు? మీ పుస్తకాల్లో ఉంటది కదా, ఎవరన్నా వచ్చి అడుగుతారు, అప్పుడు చెబుదాం అనుకున్నా. నువ్వొచ్చావు.”

తిరపతయ్య గారు రాసిన లెక్కలో ఇది లేదు. ఆయన తప్పు కాదు. యంత్రానికి ఉమ్మడి సొత్తు మాత్రమే చెప్పారు. ఇది ఉమ్మడిది కాదు.

ఓడకు 12 రోజులు

చదివాను.

అరవై మంది ఎదురుగా. పిల్లను కూడా తీసుకొచ్చారు. ఒడంబడిక ముందు, షరియత్ పేజీలు తర్వాత. నా గొంతు మూడో వరుస దాటదని అందరికీ తెలుసు. ఎవరూ గట్టిగా చదవమనలేదు. వెనక ఉన్నవాళ్లు లేచి, చప్పుడు లేకుండా దగ్గరకు వచ్చి నేల మీద కూర్చున్నారు. కాసేపటికి నా చుట్టూ మూడడుగుల ఖాళీ మాత్రమే మిగిలింది. వాళ్ల ఊపిరి నా చేతుల మీద తగిలింది.

ఎంత ముప్పు వచ్చినా సడలించకూడదు అన్న చోట ఎవరో గట్టిగా నిట్టూర్చారు. కబురు తెలియని మనిషి సంగతి దగ్గర ఎవరూ కదలలేదు. పడవ దగ్గరకు వచ్చాక తిరపతయ్య గారు తల వంచుకున్నారు.

రెండు పుస్తకాలూ వద్దన్నాయి. పెట్టె ముట్టకూడదు.

తర్వాత నేను తీర్పు చదివాను. అది చదవమని ఎవరూ అడగలేదు. సిలిండర్ గురించి వినగానే అందరూ ఒక్కసారి తలుపు వైపు చూశారు, గోడల్లోంచి ఆకుపచ్చ గుడ్డ కనపడుతుందేమో అన్నట్టు. గని మనిషి ఒకాయన, “మేం మొక్కుకున్నది గాలిబుడ్డికా?” అన్నాడు. నవ్వబోయి ఆపుకున్నారు. తర్వాత నిజంగానే నవ్వారు. నవ్వితే గాలి ఖర్చని డాక్టరమ్మ కోప్పడ్డారు.

తీసుకోవచ్చా అన్నది కాజీ గారు చెప్పారు. ఆకలితో చచ్చిపోతున్నవాడు ఇంకొకరి తిండి తినవచ్చు, కాని అది తిరిగి ఇవ్వాలి. ప్రాణం కోసం సొత్తు ముట్టవచ్చు, సొత్తు కోసమైనా ప్రాణం కోసమైనా ఇంకో ప్రాణం ముట్టకూడదు. సొంతదారు నిద్రలో ఉన్నాడు కాబట్టి కాపలా మనిషిని అడగాలి. ఆయన కాశింబీ మామ్మ వైపు తిరిగి, మూడుసార్లు అడిగారు. మొదటి రెండుసార్లు ఆమె కూర్చునే ఉంది. మూడోసారి లేచి నిలబడింది.

“తీసుకోండి. వాడు లేచి అడిగితే నేను చెప్పుకుంటా. కాని మళ్లా నింపాల. నేను పోయినాక కూడా నింపాల.”

నింపుతామని అందరితో అనిపించారు. అరవై గొంతులు.

తిరపతయ్య గారు వేళ్ల మీద లెక్కేశారు. నూట పద్నాలుగులో ఎనభై పోతే ముప్పై నాలుగు. ఇంకా చాలదు అన్నారు, కాని ఈసారి అది వాదన కాదు, మేస్త్రి పని మొదలుపెట్టినప్పటి గొంతు. పడుకున్న మనిషి తక్కువ పీలుస్తాడు, డాక్టరమ్మా, ఎంత తక్కువ? అని అడిగారు. ఆమె చెప్పారు. ఆయన మళ్లీ లెక్కేశారు.

“అందరం రోజుకు ఆరు గంటలు ఎక్కువ పడుకోవాల. మాటల్లేకుండా. పని నాలుగో వంతు. ఓడ వచ్చేదాకా. చేస్తారా?”

చేతులు లేచాయి. ఒక్కొక్కటే కాదు, అన్నీ కలిసి.

సిలిండర్ మీది దారాలు కత్తిరించబోతే కాశింబీ మామ్మ వద్దంది. ఒక్కొక్కటీ ముడి విప్పింది. నలభై మూడు ముడులు. ఎవరివి వాళ్లకు ఇచ్చింది. లక్క ముద్ర కాజీ గారు పగలగొట్టారు. గాలి గొట్టంలోకి వెళ్తున్నప్పుడు సన్నటి చప్పుడు వచ్చింది, ఉడికే పాల మీద ఊదినట్టు.

ఓడకు 8 రోజులు

భోజనాల గదిలో పరుపులు పరిచాం. అందరూ ఒక్కచోట ఉంటే వేడి కూడా మిగులుతుందని. పని ఉన్నవాళ్లు మెల్లగా లేచి వెళ్తారు, మెల్లగా వచ్చి పడుకుంటారు. నేను తొట్లు తుడిచి వచ్చి నా చోటికి చేరతాను. రాయడానికి కూర్చోవడం కూడా ఎక్కువే అని తిరపతయ్య గారు చూపుతో చెప్పారు. పడుకునే రాస్తున్నాను.

మాటలు లేవు. నాకు అలవాటే. మిగతావాళ్లకు మొదటి రెండు రోజులు కష్టమైంది. ఇప్పుడు సైగలు నేర్చుకున్నారు.

నేను వినేది ఊపిరులు. ఒకరిది ఈల వేసినట్టు, ఒకరిది ఆగి ఆగి. నా ఎడమ వైపు నాలుగో పరుపు మీద పిల్ల ఊపిరి, పావురం గొంతులా త్వరత్వరగా. ఇవన్నీ ఒకదానిలోకి ఒకటి వెళ్తాయి. నేను వదిలింది నాచుకు, నాచుది పిల్లకు, పిల్లది మళ్లీ నాచుకు. ఇది నాకు ఎప్పుడూ తెలుసు. రోజూ తొట్లు తుడిచాను. వినడం ఇదే మొదటిసారి.

కిటికీలోంచి భూమి కనిపిస్తోంది. గుంట అంచుకు ఆనుకుని సగం. అక్కడ ఎవరూ తమ ఊపిరి గురించి అనుకోరు.

ఈ మధ్యాహ్నం తిరపతయ్య గారు లేచి పెట్టె గదికి వెళ్లడం చూశాను. చాలాసేపటికి వచ్చారు. పెట్టె కింద ఏదో తీగ వదులుగా ఉందని, బిగించానని వేళ్లతో సైగ చేశారు.

ఓడకు 3 రోజులు

సిలిండర్ ఇవాళ ఖాళీ అయింది. ముల్లు సున్నా మీద నిలిచాక కాజీ గారు దాన్ని తట్టి చూశారు. డొల్ల చప్పుడు. మామ్మ ఖాళీ సిలిండర్ మీద మళ్లీ గుడ్డ కప్పింది.

అందరికీ తలనొప్పి ఉంది. ఒకరిద్దరికి వాంతులు. పిల్ల పాలు తాగుతోంది. గోళ్లు గులాబీ రంగులోనే ఉన్నాయని గంటకోసారి ఎవరో ఒకరు చూసి, మిగతావాళ్లకు చెయ్యెత్తి చూపిస్తారు. ఆ చెయ్యి కోసం అరవై మందీ ఎదురుచూస్తున్నారు. లెక్కయంత్రం కాగితం తలుపు మీద ఇంకా ఉంది. దాంట్లో పన్నెండో దారి లేదు.

ఓడ వచ్చిన మర్నాడు

వచ్చింది. తలుపు తీసినప్పుడు లోపలికి దూసుకొచ్చిన గాలికి గ్రీజు వాసన, ఎక్కడో కమలాపండు వాసన. నాకు కళ్లు తిరిగాయి. అందరం నేల మీద కూర్చుని పీల్చాం. ఎవరూ ఏడవలేదు, కాజీ గారు తప్ప.

మూడు తొట్లకు కొత్త నాచు వేశారు. మొదటి పొయ్యి వెలిగింది. తిరపతయ్య గారు ఓడ నుంచి దించిన గాలిలో మొదటి గొట్టం తొట్ల గదికి కాక పెట్టె గదికి లాగించారు. సిలిండర్ నిండేదాకా పక్కనే నిలబడి, ముల్లు ఎనభై దగ్గర ఆగాక మామ్మను పిలిచి చూపించారు. ఆమె చూపు ఆనదు. ఆయన ఆమె వేలు పట్టుకుని ముల్లు ఎక్కడుందో గాజు మీద చూపించారు.

దస్తగిరి లేవలేదు. లేస్తాడో లేదో డాక్టరమ్మకు ఇవాళ కూడా తెలియదు.

పాత తీర్పు కాగితం మడతల దగ్గర చిరుగుతోంది, కొత్తగా రాసి పెట్టు తల్లీ అని కాజీ గారు అడిగారు. సాయంత్రం కూర్చుని రాశాను. నాలుగో పేజీ సభలో చదవలేదు. చదవాల్సిన అవసరం లేని పేజీ. అందులో కాపలా మనిషి ఎవరు, ఎందుకు అన్నది ఉంది. దస్తగిరి ఇక్కడికి రాకముందు గల్ఫ్‌లో పనిచేసేవాడు. అక్కడ ఒక తగువులో తోటి పనివాణ్ణి చంపాడు. అక్కడి న్యాయం ప్రకారం అతని ప్రాణం తీయించే హక్కు, వదిలేసే హక్కు, రెండూ చనిపోయినవాడి తల్లికి ఉన్నాయి. ఆమె వదిలేసింది, అందుకే అతని కాపలా ఆమెకే ఇచ్చారు.

ఆ తల్లి పేరు కాశింబీ.